పెద్ద కంప్యూటరు కన్సోల్: పల్లె రైతుకు ఎంత దూరం?

ప్రత్యేక వ్యాసం

రావల్కోల్ (మేడ్చల్ మండలం): మేడ్చల్ మండలంలోని రావల్కోల్ గ్రామానికి, శామీర్‌పేట వైపున ఉన్న మూడుచింతలపల్లికి మధ్య దూరం పెద్దదేమీ కాదు. 2020 అక్టోబరు 29న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖర్ రావు ధరణి పోర్టల్‌ను ప్రారంభించినది ఆ మూడుచింతలపల్లిలోనే. రాష్ట్రంలోని వ్యవసాయ భూముల హక్కుల రికార్డు యావత్తూ ఒకే కేంద్ర కంప్యూటరు వ్యవస్థ ద్వారా నడవడం ఈ ప్రాంత ప్రజల కళ్ల ముందే మొదలైంది. నాలుగున్నరేళ్ల తరువాత, 2025 ఏప్రిల్ 14న, ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి భూభారతిని ప్రారంభించడంతో ధరణి స్థానంలోకి అది వచ్చింది. ఈ మధ్యకాలమంతా పల్లెల్లో వినిపించిన ప్రశ్న ఒక్కటే. తప్పు తెర మీద కనబడుతూనే ఉన్నది, మరి దానిని దిద్దే మీట ఎవరి దగ్గర ఉన్నది?

ఈ ప్రశ్న పైకి రెవిన్యూ ప్రశ్నగా కనిపిస్తుంది. నిజానికి ఇది కంప్యూటర్లంత పాతది. మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటర్లను వాడిన ప్రతి సంస్థా దీనిని ఎదుర్కొన్నది. యంత్రానికి వందలాది తెరలు తగిలించవచ్చు. వాటిలో కూర్చున్నవారు చూడవచ్చు, నింపవచ్చు, అడగవచ్చు. కాని యంత్రాన్ని నడిపించే, ఆపే, దారి మళ్లించే ఆదేశాలు ఇచ్చే తెర వేరుగా ఉంటుంది. దానినే కన్సోల్ అంటారు. మిగిలినవన్నీ టెర్మినళ్లు. టెర్మినల్ ఎందరికైనా ఇవ్వవచ్చు. కన్సోల్ ఎవరికి ఇవ్వాలి, ఎక్కడ పెట్టాలి, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నవే నిర్వాహకులను వేధించిన విషయాలు.

ఈ వ్యాసకర్త సాంకేతిక నిపుణుడు కాడు, సాహిత్యం చదువుకున్నవాడు. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, 1990ల నడుమ, విలేకరులను వెంటబెట్టుకుని ఒక కంప్యూటరు కేంద్రాన్ని సందర్శించే అవకాశం కలిగింది. గుమ్మం వద్దనే చెప్పులు విడిపించారు. లోపల చలి. అద్దాల గదిలో ఒక మూలన ఒకే ఒక తెర, దాని ముందు ఒకే ఒక ఆపరేటరు. తక్కిన సిబ్బంది అందరూ అద్దానికి ఇవతలే. ఆ తెరకూ ఈ తెరలకూ భేదమేమిటని అడిగితే, ఆపరేటరు నవ్వి, తన తెర ముందు పొరపాటు జరిగితే జిల్లాలన్నిటికీ తెలుస్తుందని, అవతలి తెరల ముందు పొరపాటు జరిగితే కూర్చున్నవారికి మాత్రమే తెలుస్తుందని చెప్పారు. ముప్పయ్యేళ్లు గడిచినా అంతకంటె తేటగా ఈ సంగతి చెప్పినవారు లేరు.

కన్సోల్ ఖరీదు గురించి ముందుగా చూద్దాం. 1964లో ఐబీఎం సంస్థ ప్రకటించిన సిస్టమ్/360 శ్రేణి యంత్రాలకు కన్సోల్ అంటే టైపురైటరు వంటి పరికరం. యంత్రం చెప్పదలచినది కాగితంపై అచ్చయ్యేది, ఆపరేటరు ఆదేశం కూడా అదే కాగితంపై పడేది. ఎవరు ఏ వేళకు ఏ ఆదేశం ఇచ్చారన్నది చుట్టలు చుట్టలుగా మిగిలిపోయేది. ఆ కాగితపు చుట్టే తిరుగులేని సాక్ష్యం. 1971లో 3270 శ్రేణి తెరలు వచ్చాయి. కాగితం పోయింది, వేగం పెరిగింది. అయితే ఈ తెరలు నేరుగా యంత్రానికి తగిలేవి కావు. మధ్యలో ఒక నియంత్రక పేటిక ఉండాలి. దాని నుంచి తెర వరకు కోయాక్సియల్ కేబుల్ సుమారు కిలోమీటరున్నర మించి పోరాదు. అంటే కన్సోల్ ఉండవలసిన చోటును కేబుల్ పొడవే నిర్ణయించేది.

తెర, పేటిక, కేబుల్, శీతల గది ఇవన్నీ ఒకసారి పెట్టే ఖర్చులు. నిత్యం పెరిగే ఖర్చు మనిషిది. రాత్రింబవళ్లు నడిచే యంత్రం ముందు కుర్చీ ఖాళీగా ఉండరాదు. రోజుకు మూడు షిఫ్టుల చొప్పున వారానికి 21 షిఫ్టులు. ఒక్కొక్కరు వారానికి ఆరు చేసినా ఒక్క కుర్చీకి కనీసం నలుగురు కావాలి. ఆ నలుగురిలో ఒకరు సెలవు పెడితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కన్సోళ్లను పెంచడానికి సంస్థలు వెనుకాడినది పరికరాల ధర చూసి కాదు, ఈ లెక్క చూసి.

2003-04 ప్రాంతంలో వచ్చిన జెడ్‌990 తరం మెయిన్‌ఫ్రేములతో ఆ నియంత్రక పేటిక పనిని యంత్రంలోని నెట్‌వర్క్ కార్డే చేయసాగింది. ఆ తరువాత మామూలు పర్సనల్ కంప్యూటరే కన్సోల్ కాగలిగింది. అది ఎంత దూరాన ఉన్నా ఇబ్బంది లేదు. ఇక 1999 నుంచి హెర్క్యులిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందుబాటులో ఉన్నది. ఇంటి కంప్యూటరులోనే మెయిన్‌ఫ్రేమును అది అనుకరిస్తుంది. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకునే మన పల్లె పిల్లలకు శిక్షణలో సాధారణంగా దొరికేది టెర్మినల్ లాగిన్ మాత్రమే. వేలాది మంది పంచుకునే యంత్రం కన్సోల్‌ను విద్యార్థి చేతికి ఇవ్వరు గదా! అటువంటివారు కన్సోల్ ముందు కూర్చుని యంత్రాన్ని మొదటి నుంచి నడిపించి చూసుకోవడానికి ఇప్పుడు పైసా ఖర్చు లేని మార్గం ఇది.

ఈ విధంగా పరికరం ధర దాదాపు కరిగిపోయింది. కరగనిది అధికారం. మెయిన్‌ఫ్రేమ్ నిర్వహణలో కన్సోళ్లకు స్థాయిలు ఉంటాయి. ఒక కన్సోల్ సమాచారం చూడటానికి మాత్రమే, ఒకటి జరుగుతున్న పనులను అదుపు చేయడానికి, ఒకటి డిస్కులు, ప్రింటర్ల వంటి పరికరాలకు, మరొకటి తక్కిన కన్సోళ్లను శాసించడానికి. అన్నిటికీ పైన ప్రధాన కన్సోల్. అది చెడిపోతే వెంటనే బాధ్యత తీసుకోవడానికి ప్రత్యామ్నాయ కన్సోల్‌ను ముందే నిర్ణయించి ఉంచేవారు. ప్రధాన కన్సోల్ ఒక్కటే ఉండి, రెండవది లేని కేంద్రాన్ని అనుభవజ్ఞులు ఎవరూ మెచ్చరు.

మరో సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. యంత్రం కొన్ని సందేశాలకు జవాబు కోసం ఎదురు చూస్తుంది. ఆ జవాబు కన్సోల్ నుంచే రావాలి. కన్సోల్‌లో సందేశాలు పేరుకుపోయి ఎవరూ తొలగించకపోతే, వాటికి కేటాయించిన మెమరీ నిండిపోయి, యంత్రంలో లోపమేమీ లేకపోయినా పనులు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయే ప్రమాదం ఉండేది. కోట్లు ఖరీదు చేసే యంత్రం ఒక మనిషి జవాబు కోసం నిలిచిపోవడం ఆ రంగంలో పనిచేసినవారికి తెలియనిది కాదు.

ఈ కథలో హైదరాబాదు పాత్ర చిన్నది కాదు. 1967లో నగరంలో నెలకొల్పిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) టీడీసీ శ్రేణి కంప్యూటర్లను దేశీయంగా తయారు చేసింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీకి వచ్చింది. 1994లో సికింద్రాబాదులో రైల్వే రిజర్వేషన్ల కోసం కాన్సర్ట్ వ్యవస్థ ప్రారంభమై, 1999 నాటికి దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నిటినీ కలిపింది. మన విషయానికి దగ్గరిది మాత్రం జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) చేసిన పని. 1980ల ద్వితీయార్ధంలో ఆ సంస్థ ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లతో పాటు హైదరాబాదులోనూ ఎన్‌ఈసీ ఎస్-1000 భారీ కంప్యూటరును నెలకొల్పి, జిల్లా కేంద్రాలను ఉపగ్రహ మార్గంలో అనుసంధానం చేసింది. అంటే పెద్ద యంత్రం హైదరాబాదులో, చిన్న తెర కలెక్టరు కార్యాలయంలో. అప్పటికి రంగారెడ్డి జిల్లాలో భాగమైన మేడ్చల్ ప్రాంతపు పల్లెల్లో పహాణీలు చేతిరాతలోనే ఉండేవి. పెద్ద యంత్రానికి పల్లెతో పని పడలేదు, పల్లెకూ దానితో పని పడలేదు.

ఆ పని 1998లో పడింది. ఆ ఏడాది నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల శాఖ కంప్యూటరీకరణకు ఉద్దేశించిన కార్డ్ పథకం 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో మొదలైంది. మొత్తం వ్యయం సుమారు 13 కోట్ల రూపాయలు. కార్యాలయానికి సగటున 6 లక్షలు. అప్పటి ధరలను బట్టి చూస్తే ఇది పొదుపైన పని. ఈ పథకంలో ఒక విశేషం ఉన్నది. దత్తాంశం ఏ కార్యాలయానిది ఆ కార్యాలయంలోని సర్వరులోనే ఉండేది. యంత్రం, దానిని నడిపే సిబ్బంది, తప్పు జరిగితే అడగవలసిన అధికారి ముగ్గురూ ఒకే కప్పు కింద. ఈసీ కోసం రోజుల తరబడి తిరిగే అవస్థ తప్పి నిమిషాల్లో చేతికి వచ్చింది. లోపాలు లేకపోలేదు. ఒక కార్యాలయంలోని రికార్డు మరో కార్యాలయానికి కనబడేది కాదు. సర్వరు మొరాయిస్తే ఆ కార్యాలయం పని ఆ పూటకు అంతే. అయినా ఫిర్యాదు పట్టుకుని వచ్చినవారికి ఎవరి ముందు నిలబడాలో తెలిసేది.

2001లో ఇ-సేవ, 2011లో మీ-సేవ వచ్చాయి. ఇవి తెరలను ప్రజల ముంగిట్లోకి తెచ్చాయి. మేడ్చల్‌కో హైదరాబాదుకో పరుగెత్తనక్కర లేకుండా ధ్రువపత్రాలు పొందే వీలు కలిగింది. ఈ ఘనతను తగ్గించి చెప్పడం తగదు. అయితే ఇవి టెర్మినళ్లు. దరఖాస్తు ఇక్కడ చేయవచ్చు, నిర్ణయం ఇక్కడ జరగదు.

2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం భూ రికార్డుల ప్రక్షాళన చేపట్టింది. 2020లో కొత్త చట్టం, గ్రామ రెవిన్యూ అధికారుల వ్యవస్థ రద్దు, ఆపై ధరణి. తహసీల్దార్లే జాయింట్ సబ్‌రిజిస్ట్రార్ల హోదాలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి చేసే పద్ధతి వచ్చింది. లావాదేవీ సక్రమంగా ఉన్నవారికి ఇది ఎంతో మేలు. ఒక్క పూటలో పని ముగిసేది. ధరణి మెయిన్‌ఫ్రేమ్ కాదు. సర్వర్ల సముదాయం మీద నడిచిన పోర్టల్. కాని పరిపాలన దృష్టితో చూస్తే అది మెయిన్‌ఫ్రేమ్ పద్ధతికే తిరిగి వెళ్లింది. యంత్రం ఒక్కచోట, తెరలు అన్నిచోట్లా, దిద్దుబాటు అధికారం పైన.

ఆ అధికారాన్ని అంత పైన ఉంచడానికి కారణం లేకపోలేదు. చేతిరాత పహాణీల కాలంలో కొట్టివేతలు, దిద్దుబాట్లు ఎన్ని జరిగాయో, ఎన్ని కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరిగాయో పల్లెల్లో చెప్పనక్కర లేదు. స్థానికంగా ఎవరూ రికార్డు మార్చలేకుండా చేయాలన్న సంకల్పం సబబైనదే. భూముల విలువ గుంటల లెక్కన మాట్లాడుకునే నగర శివార్లలో, రావల్కోల్ వంటి గ్రామాల్లో, అది మరింత అవసరం కూడా. చిక్కు ఏమిటంటే, ప్రక్షాళన సమయంలోనే వేల సంఖ్యలో తప్పులు నమోదయ్యాయి. తలుపు మూసేనాటికి దొంగతో పాటు ఇంటివాడు కూడా బయటే ఉండిపోయాడు.

తప్పు ఎంత చిన్నదైనా నష్టం చిన్నది కాదు. ఉదాహరణకు ఒక రైతుకు ఎకరం 30 గుంటలు ఉండగా, నమోదులో ఒక సున్న జారి ఎకరం 3 గుంటలు అయిందనుకుందాం. 27 గుంటలు కాగితం మీద మాయం. ఎకరాకు పంటకు 6 వేల చొప్పున, ఏడాదికి రెండు విడతల్లో అందే రైతు భరోసా లెక్కన ఆ రైతు ఏటా 8,100 రూపాయలు కోల్పోతాడు. ఆ 27 గుంటలపై బ్యాంకు రుణం రాదు, అమ్ముకోవాలంటే రిజిస్ట్రేషన్ కాదు. పాస్‌పుస్తకమే రానివారి సంగతి ఇంతకంటె కష్టం. 2018లో మొదలైన రైతు బంధు, రైతు బీమా రెండింటికీ వారు దూరమయ్యారు. రైతు మరణిస్తే కుటుంబానికి రావలసిన 5 లక్షల బీమా ఒక నమోదు మీద ఆధారపడి ఉన్నది. తెరపై తప్పును తహసీల్దారు చూడగలరు, మీ-సేవ నిర్వాహకుడు చూడగలడు, రైతు తన సెల్‌ఫోనులోనే చూసుకోగలడు. అయితే పలు రకాల తప్పులను దిద్దే అధికారం అప్పట్లో తహసీల్దారు లాగిన్‌లో ఉండేది కాదు. దరఖాస్తు కలెక్టరు వరకు వెళ్లవలసి వచ్చేది.

ఒక జిల్లాకు ఒక్క కలెక్టరు. ఆ అధికారికి భూములు ఒక్కటే పని కాదు. ఎన్నికలు, వరదలు, ధాన్యం కొనుగోళ్లు, ప్రజావాణి అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ముందు చెప్పుకున్న మెయిన్‌ఫ్రేమ్ సంగతే ఇక్కడ పునరావృతమైంది. యంత్రం నిక్షేపంగా ఉన్నది, జవాబు కోసం ఎదురు చూసే సందేశాలు పేరుకున్నాయి. 2024 ఫిబ్రవరి నాటికి ధరణిలో పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులు దాదాపు 2.45 లక్షలు.

దీనిని గుర్తించి ప్రభుత్వం ఆ నెలాఖరున తీసుకున్న నిర్ణయం, ఈ వ్యాసకర్త దృష్టిలో, ఈ ఉదంతంలో అన్నిటికంటె ముఖ్యమైనది. భూ పరిపాలన ప్రధాన కమిషనరు (సీసీఎల్‌ఏ) ఉత్తర్వుల ద్వారా దిద్దుబాటు అధికారాలను పని స్వభావాన్ని బట్టి తహసీల్దారు, ఆర్డీవో, అదనపు కలెక్టరు, కలెక్టరుల మధ్య పంచారు. మార్చి 1 నుంచి ప్రత్యేక డ్రైవ్ నిర్వహించారు. కొత్త యంత్రం కొనలేదు, కొత్త కేబుల్ వేయలేదు. ఉన్న తెరలకే కన్సోల్ స్థాయిలు ఇచ్చారు. దశాబ్దాలుగా మెయిన్‌ఫ్రేమ్ కేంద్రాల్లో అమలవుతున్న పద్ధతి ఇదే. వ్యయం స్వల్పం, ఫలితం అధికం. ఇదే ఏర్పాటు 2020లోనే జరిగి ఉంటే ఎంత బాగుండేదన్న భావన కలగడం సహజం.

అదే ఏడాది డిసెంబరు 1 నుంచి పోర్టల్ నిర్వహణను ప్రైవేటు సంస్థ నుంచి ఎన్‌ఐసీకి బదిలీ చేశారు. సాంకేతికార్థంలో అసలైన కన్సోల్ చేతులు మారినది అప్పుడే. ప్రజలకు రెవిన్యూ అధికారుల అధికార స్థాయిలు కనిపిస్తాయి గాని, దత్తాంశ నిలయంలో వాటికి అతీతంగా, నేరుగా రికార్డును తాకగల నిర్వాహకుల లాగిన్లు కొన్ని ఉంటాయి. ఏ కంప్యూటరు వ్యవస్థలోనైనా ఇవి తప్పవు. అవి ఎవరివి, ఎన్ని, వాటితో జరిగిన ప్రతి ఆదేశమూ చెరపరాని విధంగా నమోదవుతున్నదా అన్నవి తరచు తనిఖీ కావలసిన అంశాలు. పాత టైపురైటరు కన్సోల్ కాగితపు చుట్ట ఈ పనిని తనంతట తానే చేసేది. నేటి వ్యవస్థలో దానిని పనిగట్టుకుని ఏర్పాటు చేయాలి.

భూభారతి చట్టంలో రెండంచెల అప్పీలు వ్యవస్థ ఉన్నది. ధరణి చట్టంలో ఇటువంటి అప్పీలుకు చోటు లేకపోవడం వల్లనే చిన్న వివాదానికీ సివిల్ కోర్టు మెట్లెక్కవలసి వచ్చిన సంగతి విదితమే. గ్రామ లెక్కల ప్రతిని ఏటా వేరుగా భద్రపరిచే ఏర్పాటును కూడా కొత్త చట్టం చేసింది. తెరపై ఉన్నది మారినప్పుడు పోల్చి చూసుకోవడానికి కాగితం ఒకటి మిగలడం ఎంతో ధైర్యం. 2025 జూన్‌లో గ్రామాల్లో రెవిన్యూ సదస్సులు నిర్వహించి దరఖాస్తులు స్వీకరించారు. సెప్టెంబరులో సుమారు 5 వేల మంది గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు అందాయి. 2020 తరువాత మళ్లీ గ్రామంలో రెవిన్యూ మనిషి కనబడుతున్నాడు.

ఈ గ్రామ పాలన అధికారికి ఏ స్థాయి తెర ఇవ్వాలి అన్నది రానున్న రోజుల్లో తేలవలసిన విషయం. దిద్దుబాటు అధికారం ఇవ్వడం తొందరపాటు అవుతుంది. పాత అనుభవాలను మరువరాదు. చూసే అధికారం మాత్రమే ఇస్తే మరో మీ-సేవ అవుతుంది. మధ్యస్థంగా ఒక మార్గం ఉన్నది. క్షేత్రంలో చూసినదానిని ఫొటోతో, తేదీతో నమోదు చేసి, దిద్దుబాటును ప్రతిపాదించే అధికారం గ్రామంలో. ఆమోదించే అధికారం మండలంలో. ఇరువురి పేర్లూ రికార్డులో. ఖర్చు ఒక ట్యాబ్, ఒక డిజిటల్ సంతకం, కొద్దిపాటి శిక్షణ. ఒక్క కుర్చీకి నలుగురిని పెట్టుకున్న నాటి లెక్కతో పోలిస్తే ఇది భారమే కాదు.

దానితో పాటు మరొకటి కూడా చేయదగినది. దరఖాస్తుదారుకు ఫోనులో పెండింగ్ అన్న ఒక్క మాట చూపి ఊరుకోకుండా, ఆ దరఖాస్తు ప్రస్తుతం ఏ అధికారి లాగిన్‌లో, ఏ తేదీ నుంచి ఉన్నదో చూపవచ్చు. కంప్యూటరుకు ఈ సమాచారం ఇప్పటికే తెలుసు. రావల్కోల్ రైతు మేడ్చల్ తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలా, ఆర్డీవో కార్యాలయానికి వెళ్లాలా, లేక ఇంటి వద్దనే ఆగాలా అన్నది బస్సెక్కే ముందే తేలిపోతుంది.